పూర్తి కాకూడని పడవ

ప్రభుత్వం వారికి పడవల మీద ప్రేమ పుట్టిన నాటికి తాతారావు పడవకు ఒక పక్క పలకలు పడ్డాయి, రెండో పక్క పడలేదు. ఆ ప్రేమేదో ఇంకో రెండు నెలలు ఓపిక పట్టి పుట్టి ఉంటే ఈ కథ చెప్పుకోవలసిన పనే ఉండేది కాదు.

తాతారావుది నత్తలంక. గోదారి నడుమ ఉన్న లంక అది. అక్కడ పండే అరటీ, కందా, దోసకాయలూ ఇవతలి గట్టుకు చేరాలన్నా, ఇవతలి గట్టున ఉన్న బడీ, ఆస్పత్రీ, కిరాణా కొట్టూ లంకవాళ్ళకు అందాలన్నా మధ్యన తాతారావూ అతని పడవా ఉండాలి. తాతారావైతే ఉన్నాడు. పడవే లేదు. పాతదానికి అడుగు చివికిపోయి, కాలు పెడితే పాదం గోదారిలో దిగుతుంటే, దాన్ని గట్టెక్కించి బోర్లించేశారు. అప్పటినుంచీ పొరుగు లంక దోనె ఒకటి దయతలచి వచ్చి పోతోంది. దాంట్లో నలుగురు కూర్చుంటే ఐదోవాడు ఒడ్డున నిలబడి దండం పెట్టుకోవాలి. వరదొచ్చి ఎర్రనీరు దిగితే ఆ దోనె కూడా రాదు. ఆషాఢం దాటేలోగా కొత్త పడవ నీళ్ళలో పడకపోతే, ఆ వానాకాలమంతా నత్తలంక వాళ్ళు గట్టు మీది జనానికి చెయ్యి ఊపుతూ గడపవలసిందే.

పడవ కడుతున్నవాడు మల్లాడి అప్పలకొండ. తూములరేవు దగ్గర, గోదారిలోంచి కాలవ చీలే చోట, వాళ్ళ తాతలనాటి షెడ్డు ఉంది. ఒకప్పుడు కాలవల మీద ధాన్యం మోసిన పెద్ద పడవలన్నీ అక్కడ పుట్టినవే. అప్పలకొండ పనికి వంక పెట్టడానికి లేదు. పని మొదలుపెట్టడమే కాస్త ఆలస్యం. బాడిస చేతిలోకి తీసుకుని, దాని పదును చూసి, ఆకాశం చూసి, కాలవ చూసి, బాడిస కింద పెట్టి చుట్ట ముట్టించేవాడు.

పడవ కట్టించుకునేవాడు రోజూ పొద్దున్నే వచ్చి షెడ్డు ముందున్న దుంగ మీద కూర్చుని మేస్త్రీని నాలుగు మాటలనడం ఆ రేవులో వాడుక. అనకపోతే మేస్త్రీ నొచ్చుకుంటాడు, వీడికి పడవ మీద శ్రద్ధ లేదని. తాతారావుకి శ్రద్ధ నిండుగా ఉంది.

"బాబాయ్, నువ్వు కట్టేది పడవా, నీ మనవడి పెళ్ళి పందిరా? దేనికైనా ఓ ముహూర్తం ఉంటదిగా!"

"ఉండరా అబ్బాయ్. కర్ర ఇంకా ఆరాల."

"కర్ర ఎప్పుడో ఆరింది. నా నోరే ఆరిపోతంది!"

"అయితే కాసిన్ని మంచినీళ్ళు తాగు. తాగి మళ్ళీ మొదలెట్టు. ఇయ్యాల నీ గొంతులో ఊపు లేదు."

ఇలా సాగుతుండగా ఒకరోజు రెండు జీపులు వచ్చాయి. వాటిలోంచి ఫోటోగ్రాఫరు, కొలతల టేపు, ఒక ఎర్ర రిబ్బను, వాటి వెనక డాక్టర్ పరాంకుశరావు దిగారు. లోతట్టు జల రవాణా చరిత్ర మరియు సంప్రదాయ నౌకా నిర్మాణ ప్రదర్శనశాలకు ఆయన సంచాలకులు. ఆ ప్రదర్శనశాల ఎక్కడుందని తాతారావు అడిగితే, "మీరు నిలబడి ఉన్నారు" అన్నారాయన.

షెడ్డు ఎప్పుడు ఎలా ప్రభుత్వానిదయిందో ఎవరికీ తెలియదు. అప్పలకొండకు తెలిసి ఉండాలి. వేలిముద్ర ఎక్కడ వేశావని అడిగితే అతను కాలవ వైపు చూశాడు.

పరాంకుశరావు గారు సగం కట్టిన పడవ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "పూర్తయిన పడవలు ప్రతి ప్రదర్శనశాలలోనూ ఉన్నాయి. నిర్మాణ దశలో ఉన్న పడవ! దేశంలో ఇదొక్కటే! ఇందుమూలముగా ఈ నౌకను యథాతథ స్థితిలో శాశ్వతముగా పరిరక్షించవలసినదిగా నిర్ణయించడమైనది. అధిసూచించిన వస్తువును అధిసూచించిన చోటునుండి కదపరాదు. దానికి ఏదియు చేర్చరాదు, దానినుండి ఏదియు తీయరాదు."

"మరి నా పడవండీ?" అన్నాడు తాతారావు.

"మీదే. యాజమాన్యపు హక్కులకు ఏ భంగమూ లేదు. పడవ మీది. దాని స్థితి మాత్రమే ప్రభుత్వానిది."

పడవ నడుముకు ఎర్ర రిబ్బను కట్టారు. పరిరక్షణ సహాయకుడు గవర్రాజు ముందుకొచ్చి ముక్కు దగ్గర ఒక చీటీ అంటించాడు. గవర్రాజు అంతకుముందు ఎక్కడో గొడ్ల ఆస్పత్రిలో పనిచేసినవాడు. అంటించాక పడవ మెడ నిమిరాడు.

చూడటానికి వచ్చిన జనానికి కట్టడం చూపించకపోతే నిర్మాణ దశ ఎలా అవుతుందని పైనుంచి ఎవరో ప్రశ్న వేశారు. దానికీ పరిష్కారం దొరికింది. అప్పలకొండను సజీవ ప్రదర్శన వస్తువుగా తీసుకున్నారు. పొద్దున్న గేటు తెరవగానే అతను సందర్శకుల ఎదుట ఒక పలక బిగించాలి. సాయంత్రం గేటు మూశాక గవర్రాజు దాన్ని గాయం కాకుండా ఊడదీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, గోడకు ఆనించాలి. మర్నాడు మళ్ళీ అదే పలక.

అప్పలకొండ నెత్తిన ఫ్యాను వచ్చింది. పూటకో టీ వచ్చింది. జేబు మీద పేరున్న నీలం చొక్కా వచ్చింది. జీవితమంతా అతను ఏ పనిలో ఆరితేరాడో ఆ పనికే ప్రభుత్వం ఉద్యోగం ఇచ్చింది.

"బాబాయ్, నీకు సిగ్గుగా లేదా?" అన్నాడు తాతారావు రిబ్బను అవతలినుంచి. తన పడవను చూసుకోవడానికి అతను టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వచ్చాడు.

"ఎందుకురా సిగ్గు? ఇదివరకు నేను ఆలీసం చేత్తే సోమరోడన్నావు. ఇప్పుడు తొరగా చేత్తే నా ఉజ్జోగం ఊడిపోద్ది."

"లంకలో అరటి గెలలు పండి రాలిపోతన్నాయి! ఎర్రనీరు ఇయ్యాలో రేపో! మా ఆవిడ సత్తెవతికి నెలలు నిండుతున్నాయి, దాన్ని నీ రిబ్బను మీద కూకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళనా? పలక కొట్టవయ్యా మొగుడా అంటే, కొట్టిందే కొడతావు, తీసిందే తీత్తారు! మీరు కట్టేది పడవా, కుట్టేది బొంతా?"

అరుపు పూర్తయ్యేసరికి చప్పట్లు మోగాయి. తాతారావు వెనక్కి తిరిగి చూశాడు. రెండు బస్సుల నిండా వచ్చిన యాత్రికులు ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత బాగా చేస్తున్నాడండీ!" అంది. ఇంకొకాయన అతని చేతిలో పది రూపాయలు పెట్టబోయాడు.

ఆ చప్పట్లు పరాంకుశరావు గారి గది దాకా వినిపించాయి. ఆయన ఊడిపోయిన చెప్పును కూడా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చారు.

"ఇంతకాలం మనం కంటికి కనిపించే వారసత్వమే చూశాం. చెవికి వినిపించేదాన్ని విస్మరించాం! నౌకా స్వామి నిరీక్షణ! మేస్త్రీపై నిందాస్తుతి! ఇది తరతరాల మౌఖిక సంపద!"

"నింద మాత్రమేనండీ, స్తుతి లేదు" అన్నాడు తాతారావు.

"ఆ వినయమే స్తుతి!"

ఆ సాయంత్రమే తాతారావు కూర్చునే దుంగ చుట్టూ కూడా రిబ్బను కట్టారు. నిరీక్షణ వేళలు గేటు దగ్గర బోర్డు మీద రాశారు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఇందులో తాతారావుకు నచ్చిన సంగతి ఒకటే, ఇక టిక్కెట్టు కొనక్కర్లేదు. రోజూ లోపలికి వెళితే రోజూ అడగవచ్చు, అడగ్గా అడగ్గా ఎవరికో ఒకరికి చెవికెక్కకపోదు అనుకున్నాడు. చెవికి బాగానే ఎక్కింది. ఆదివారాల్లో కుర్చీలు వేయవలసి వచ్చింది. అతను నిజంగా ఏడ్చిన రోజున టిక్కెట్టు ధర పెంచారు.

ఇది మన చేతుల్లో తేలేది కాదని అర్జీ రాయించుకుని జిల్లా కార్యాలయానికి వెళ్ళాడు. పెద్ద అధికారి దొరకలేదు గానీ ఆయన కింద అధికారి దొరికాడు. తాతారావు చేతులు కట్టుకుని మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. పడవ, లంక, వరద, సత్యవతి నెలలు. చెబుతుండగా గుమాస్తాలు ఒక్కొక్కరే లేచి వచ్చి తలుపు దగ్గర గుమిగూడారు.

"ఆగవయ్యా, ఆగు" అన్నాడు అధికారి. "ఆ బొంత మాట చెప్పలేదేం? మా పిల్లలు ఇంట్లో రోజూ అదే అంటున్నారు. ఆ ముక్క కూడా చెప్పు."

తాతారావు చెప్పాడు. కార్యాలయమంతా పగలబడి నవ్వింది. అర్జీ మాత్రం లోపలికి పోలేదు. దాని అడుగున తాతారావు చేత సంతకం పెట్టించుకుని, ఆ అధికారి పిల్లలకు చూపించడానికి ఇంటికి పట్టుకెళ్ళాడు.

మర్నాటి నుంచి తాతారావు నోరు విప్పలేదు. దుంగ మీద కూర్చుని నేల చూస్తూ ఉండిపోయాడు. సందర్శకులు డబ్బు వెనక్కి ఇమ్మన్నారు. గవర్రాజు వచ్చి అతని గొంతు పట్టి చూశాడు, కనురెప్ప ఎత్తి చూశాడు, చివరికి వెళ్ళి ఒక అట్టముక్క తెచ్చి మెడలో వేశాడు. "ఈ వస్తువు మరమ్మతులో ఉన్నది. అసౌకర్యమునకు చింతిస్తున్నాము."

సరిగ్గా ఆ పూటే వీరమణి అరటిపళ్ళ గంపతో వచ్చింది. వీరమణి నత్తలంకలో సగానికి అత్త, మిగతా సగానికి పెద్దమ్మ. అప్పలకొండకు స్వయానా అక్క. ఆ లంకకే కోడలుగా వచ్చి అక్కడే పాతుకుపోయింది. దోనెలో చోటు కోసం తెల్లారగట్లే నీళ్ళలో నిలబడి వచ్చింది. వచ్చి చూస్తే తమ్ముడు ఫ్యాను కింద టీ తాగుతున్నాడు, తాతారావు మెడలో అట్టముక్క.

"ఏంట్రా ఇది?"

"మరమ్మతులో ఉన్నానత్తా."

"మరమ్మతు నీక్కాదురా, అదుగో, ఆ చొక్కా ఏసుకున్నోడికి కావాల."

ఆవిడ ఒక్కొక్కటీ చూసుకుంటూ షెడ్డంతా తిరిగింది. మూల ఒక పెద్ద ఇనప లంగరు ఉంది. తూములరేవు కాలవలో అంత లంగరు వేస్తే కాలవే ఆగిపోతుంది. "ఇదెక్కడిదండీ, మా రేవుది కాదే?" అని అడిగింది. పరాంకుశరావు గారు, అడిగినవాళ్ళకు చెప్పడం విధి గనక, చెప్పారు. అది సముద్రపు ఓడది. మరో ప్రదర్శనశాల నుంచి, తిరిగి ఇచ్చేస్తామన్న మాట మీద, ఎరువు తెచ్చారు. ప్రదర్శనశాలలు వస్తువులను ఒకదానికొకటి ఎరువిచ్చుకోవడం ప్రపంచమంతటా ఉన్న మర్యాద.

వీరమణి గంప దించింది.

"అయితే మా తమ్ముణ్ణి ఎరువివ్వండి."

పరాంకుశరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వస్తువును వ్యక్తులకు ఇవ్వడం కుదరదమ్మా. సంస్థకు మాత్రమే."

"మాకూ ఉందండి సంస్థ. నత్తలంక పెదర్శనశాల."

"ఏం ప్రదర్శిస్తారు?"

"బోర్లించిన పడవండి. చివికిపోయే దశ."

ఆయన ముఖం వెలిగిపోయింది. నిర్మాణ దశ తన దగ్గర ఉంది. చివికిపోయే దశ లంకలో ఉంది. రెంటినీ కలిపితే ఏమవుతుందో ఆయన కళ్ళముందు మెదిలింది. ఒక సదస్సు అవుతుంది. ఆ వారమే ఉత్తర్వులు వచ్చాయి. షరతులు గవర్రాజు చదివి వినిపించాడు. వస్తువును నేరుగా ఎండ తగలనీయరాదు. చెద పట్టకుండా చూడవలెను. ప్రయాణంలో కుదుపులకు లోను కానీయరాదు.

"అక్కా, నేన్రానే" అన్నాడు అప్పలకొండ. "అక్కడ ఫ్యాను లేదు."

"వస్తువులు మాటాడకూడదంటరా. నోరు మూసుకుని పడుకో."

అతన్ని దూదిపరుపులో చుట్టి, కొబ్బరితాడుతో రెండు చోట్ల కట్టి, పైన "పెళుసు" అని చీటీ అంటించి దోనెలోకి దించారు. బాడిస, ఉలి, సుత్తి, గుగ్గిలం డబ్బా, వస్తువుకు అనుబంధములు గనక వెంట వచ్చాయి. చెక్కు చెదరకుండా ముట్టినదని వీరమణి వేలిముద్ర వేసింది. మరమ్మతులో ఉన్న వస్తువును ఎవరూ వెతకరు గనక తాతారావు కూడా అట్టముక్క తీసి దుంగ మీద పెట్టి దోనెలో కూర్చున్నాడు. అట్టముక్క అతని స్థానంలో చాలాకాలం పనిచేసింది.

నత్తలంకలో తాళ్ళు విప్పాక అప్పలకొండ ఒళ్ళు విరుచుకుని గోదారి వైపు చూశాడు. దోనె వెళ్ళిపోతోంది.

"అదేంటి, మళ్ళీ ఎప్పుడొత్తది?"

"ఇక రాదు" అంది వీరమణి. "ఎర్రనీరు దిగతందని దాన్ని గట్టెక్కించేత్తన్నారంట."

"మరి నేనెల్లా ఎల్లాల?"

"పడవుంటే ఎల్లొచ్చు."

అప్పలకొండ బాడిస తీశాడు. పదును చూశాడు. ఆకాశం చూశాడు. గోదారి చూశాడు. ఈసారి కింద పెట్టలేదు.

పాత పడవలో గట్టిగా ఉన్న పలకలు విప్పారు. తక్కువైన కర్రకు ఒకరు తలుపు ఇచ్చారు, ఒకరు పెరట్లో తుమ్మ కొట్టి ఇచ్చారు, పంచాయతీవారు తమ బల్ల ఇచ్చి కింద కూర్చున్నారు. తాతారావు ఇసకలో కూర్చుని నాలుగు మాటలనడం మళ్ళీ మొదలుపెట్టాడు. వినేవాళ్ళెవరూ చప్పట్లు కొట్టకపోయేసరికి అతని ప్రాణం కుదుటపడింది. అప్పలకొండ చెయ్యి ఆగినప్పుడల్లా వీరమణి పొయ్యి ఆరిపోయేది. పులస కాలం కాదు గానీ గోదారి చేపకు ఆవిడ పెట్టే పులుసు వాసన ఇసక దాటి పోతుంది. అందుకని చెయ్యి ఎక్కువసేపు ఆగేది కాదు.

పలకల సందుల్లో నూలు కూరి, గుగ్గిలం పట్టించిన మర్నాడే గోదారి రంగు మారింది. లంక లంకంతా ఒక్క గొంతై తోస్తే పడవ ఇసకలో జారి నీళ్ళలో పడింది. తాతారావు దాని పక్కను అరిచేత్తో తట్టి, గెడ అందుకుని, సత్యవతిని, ఆమె తల్లిని, అరటి గెలలను ఎక్కించుకుని అవతలి గట్టుకు చేర్చాడు. కొత్త పడవ నీరు తాగుతుంది. కర్ర ఉబ్బి సందులు మూసుకునేదాకా తోడుతూ ఉండాలి. సత్యవతి తల్లి దారంతా కొబ్బరిచిప్పతో తోడుతూ, వియ్యపురాలి మీద తనకున్నదంతా చెప్పింది.

వాళ్ళను ఆస్పత్రి వైపు ఆటో ఎక్కించి తిరిగొస్తే, రేవులో పరాంకుశరావు గారూ గవర్రాజూ గొడుగు కింద నిలబడి ఉన్నారు. ఎరువిచ్చిన వస్తువు ఏ స్థితిలో ఉందో తనిఖీ చేయాలట.

"రాండి" అన్నాడు తాతారావు. అంతకంటే ఏమంటాడు?

పడవ నడి గోదారికి వచ్చేదాకా సంచాలకులవారు ప్రకృతిని చూశారు. తరవాత కాళ్ళకు చల్లగా తగిలి కిందికి చూశారు. బూట్లలో నీళ్ళు. పలకలు చూశారు. ఒకటి తలుపు, దానికి గొళ్ళెం ఇంకా ఉంది. గుగ్గిలం వాసన చూశారు. అంతా అర్థమైంది. ఆయన కళ్ళు మళ్ళీ చెమర్చాయి.

"గవర్రాజూ! ఈ నౌకలోకి నీరు వస్తోంది. నీరు వచ్చే నౌకను పూర్తయిన నౌక అనరు. అనగా నిర్మాణ దశలో ఉన్నది. ఈ రేవు పరిధిలో నిర్మాణ దశలో ఉన్న ప్రతి నౌకా మన పరిరక్షణలోనిదే. చీటీ తియ్యి."

తాతారావు తలెత్తి చూశాడు. ఆవలి గట్టున లంక జనమంతా గంపలతో నిలబడి ఉంది. పిల్లలు సంచులు తగిలించుకుని ఉన్నారు. గవర్రాజు చీటీ నాలిక మీద తడిపి పలకకు అంటించాడు. ఆ పూట అక్కడ ఏది అంటించడానికీ నాలిక అవసరం లేదు.

తాతారావు గెడ పైకి తీసి పడవలో పెట్టాడు. పడవలో ఉన్న చిన్న లంగరు ఎత్తి గోదారిలో వేశాడు. పడవ ఒక్క ఊపు ఊగి, తాడు బిగుసుకుని, నడి ఏట్లో నిలిచింది.

"ఏమిటిది? ఎందుకాపావు?"

"అధిసూచించేశారు కదండీ. చోటునుంచి కదపకూడదంట."

"ఆ చోటు అంటే... అది గట్టుకు చేరాక..."

"అంటించింది ఇక్కడండి."

ఎర్రనీటిలో ఒక తాటిదుంగ కొట్టుకొచ్చి పడవ పక్కనుంచి పోయింది. గవర్రాజు దానికి దారి ఇచ్చినట్టు ఒదిగి కూర్చున్నాడు. నీళ్ళు చీలమండ దాటాయి.

"నీళ్ళు తోడవయ్యా!"

"తోడొచ్చంటారా? దానినుంచి ఏదీ తీయరాదన్నారు. మీరు పెద్దవారు, ఆలోచించి చెప్పండి. నేను తొందరపడి తోడేత్తే రేపు స్థితి మారిపోయిందని నా మీదకొత్తది."

"తోడవచ్చు! తోడవచ్చు!" అని పరాంకుశరావు గారు తానే కొబ్బరిచిప్ప అందుకుని తోడసాగారు. ఆయన ఎన్ని చిప్పలు తోడితే అన్నీ గోదారి తిరిగి ఇస్తోంది. "తాతారావూ, లంగరు తియ్యవయ్యా!"

"తియ్యడానికేవుందండి. పూర్తయిన పడవైతే ఎప్పుడో తీసేద్దును."

తోడుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగగానే నీళ్ళు పిక్కలకు వచ్చాయి.

"పూర్తయింది!" అన్నారు సంచాలకులవారు.

"సరిగ్గా చూసి చెప్పండి. మళ్ళీ మాటొత్తది."

"సంపూర్ణంగా, సమగ్రంగా, సర్వాంగాలతో పూర్తయినది! నా యావత్తు విద్యాపాండిత్యమూ ఒడ్డి చెబుతున్నాను! గవర్రాజూ, ఆ దరిద్రపు చీటీ పీకు!"

గవర్రాజు పీకాల్సిన పని లేకపోయింది. చీటీ అప్పటికే ఊడి తాటిదుంగ వెనకాలే వెళ్ళిపోతోంది. తాతారావు లంగరు తాడు లాగాడు.

పడవ లంక రేవుకు దగ్గరవుతుండగా అప్పలకొండ మోకాలిలోతు నీళ్ళలోకి దిగి చేతులు ఊపుతూ కేకేశాడు.

"ఒరే అబ్బాయ్! ఇంకో పూత గుగ్గిలం పడాలిరా! అదింకా పూర్తవలే..."

"నోర్ముయ్యవయ్యా!" అని గోదారి దద్దరిల్లేలా అరిచారు పరాంకుశరావు గారు, తోడటం ఆపకుండానే. "పూర్తయింది! పూర్తయిందని చెబుతుంటే!"

రేవులో గంప నెత్తిన పెట్టుకుని నిలబడ్డ వీరమణి కళ్ళు చికిలించి చూసింది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బూట్లు మెడకు తగిలించుకుని, చిప్ప మీద చిప్ప ఆపకుండా తోడేస్తున్న ఆ పెద్దమనిషిని పోల్చుకోలేకపోయింది.

"ఎవర్రా తాతారావూ, నీళ్ళు తోడ్డానికి కొత్తగా కుదిరాడా?" అంది. "ఉంచేసుకో. పనోడిలాగే ఉన్నాడు."